ఐసుపెట్టెతో పలివెలకి వెనక్కి

రెండు వేల తొమ్మిది, ఎండాకాలం. ఉదయం 9.40కి పలివెలలో రావులపాలెం బస్సెక్కాను. ఒళ్ళో ఐసుపెట్టె, అందులో పన్నెండు ట్యూబుల రక్తం. అన్నీ ఇంట్లో ఎవరో ఒకరిని కడుపు క్యాన్సర్‌తో పోగొట్టుకున్నవాళ్ళవి. పన్నెండున్నరలోగా రాజమండ్రి ల్యాబుకి చేర్చకపోతే పారబోయడానికే. ప్రోటీన్ తయారుచేయని చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు రక్తంలో తిరుగుతుంటాయి. జబ్బు మొదలవుతూనే వాటి పాళ్ళు మారతాయేమోనని మా హైదరాబాదు ల్యాబు ఆశ. ఆశే, ఇంకా పరీక్ష కాదు. డ్రైవరు తీరిగ్గా టీ తాగుతున్నాడు. నేను వాచీ చూసుకుంటూ లోలోపల తిట్టుకుంటున్నాను.

చక్రకేళీ అరటిగెలతో ఒకాయన పక్కన కూర్చున్నారు. పొద్దున నేను రక్తం తీసిన సత్యవతిగారి మరిదట. ఆవిడకి మూడు నెలలుగా కడుపునొప్పి, అన్నం సయించడం లేదు. గెల ఎక్కడికని అడిగాను.

"రాజమండ్రి డాక్టరుగారికండి. సాయంత్రం మా వదినగారికి నోట్లోంచి గొట్టం వేసి చూస్తానన్నారండి. మీరు రక్తం తీసేరు కదా, ఇంక అక్కర్లేదని చెప్పడానికి వెళ్తున్నానండి. ఫోన్లో చెప్తే నొచ్చుకుంటారని."

మేం తీసిన రక్తంతో ఆవిడ సంగతి తేలదని, గొట్టం వేయాల్సిందేనని చెప్పాను. "ఆయ్" అన్నారాయన. పొద్దున నేను ఒప్పుకోలు కాగితం చదివి వినిపించినప్పుడు ఆవిడా ప్రతి మాటకీ ఇలాగే అన్నారు. అర్థమైందనుకుని సంతకం పెట్టించుకున్నాను. నా తొందర తగలెయ్య!

రావులపాలెంలో ఆయన్ని దింపి, ఆయనతోపాటు నేనూ వెనక్కి పలివెల బస్సెక్కాను. పలివెల చేరేసరికి పదకొండు దాటింది. సత్యవతిగారు కంచం ముందు కూర్చున్నారు, ఇంకా ముద్ద కలపలేదు. తినకండమ్మా, గొట్టానికి కడుపు ఖాళీగా ఉండాలి అంటూనే లోపలికి వెళ్ళి, ఈసారి కాగితం చూడకుండా అంతా చెప్పాను.

ఆవిడ కంచం పక్కకి జరిపారు. "మా అన్నయ్యకి గొట్టం వేసినప్పుడు పక్కనే ఉన్నాను బాబూ. భయమండి నాకు. మీరే చూసేస్తారని నమ్మేశాను. మరి నా నెత్తురు ఎవరికండి?"

"ముందు ముందు ఎవరికో గొట్టం లేకుండా తెలియడానికమ్మా. మీకు మాత్రం కాదు."

ముగ్గురం మధ్యాహ్నం బస్సులో రాజమండ్రి వెళ్ళాం. ఐసు నీళ్ళయిపోయింది, ల్యాబులో పన్నెండు ట్యూబులూ వద్దన్నారు. నాలుగున్నరకి ఆవిడకి గొట్టం వేశారు. పుండు చిన్నదేనని, ముక్క తీసి పంపుతున్నామని, ఏదైనా సరే వేళకే వచ్చారని డాక్టరు అన్నారు. గెల ఆయనకే ఇచ్చాం.

సెలవు తీసుకోబోతే సత్యవతిగారు నన్ను ఆపారు. మందుకి గొంతు మొద్దుబారి మాట రావడం లేదు. కొంగు తప్పించి, పొద్దున సూది గుచ్చని రెండో చెయ్యి నా ముందుకి చాపారు. మళ్ళీ రక్తం తీసి, ఆ ఒక్క ట్యూబూ ల్యాబు మూసేలోగా అప్పగించి, ఏడింటి హైదరాబాదు రైలు అందుకున్నాను.

రైలు గోదావరి వంతెన మీదకి వచ్చింది. తెలిసి రక్తం ఇచ్చింది ఆవిడొక్కరే. మిగతా పదకొండు ఇళ్ళలో ఎవరు ఏ పరీక్ష మానుకున్నారో! కూర్చోలేకపోయాను. పలివెలకి తిరిగి వెళ్ళడానికి కొవ్వూరులో దిగిపోయాను.