కార్లు తొక్కిన కళ్లం

దేశదేశాల కార్లు పందెం వేసుకుని మా ఊరి పక్క రోడ్డు మీదుగా పోతాయని నాయనకు చెప్పింది నేనే. అప్పట్లో అనంతపురంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. పేపర్లో ఆ వార్త చూశాక, ఆ కార్లు చూడకపోతే జన్మే దండగన్నట్టు రాప్తాడులో బస్సు దిగి ఊరికి నడిచిపోయాను.

నాయన అంతా విని ఒక్కటే అడిగాడు.

"ఎన్ని కార్లొస్తాయి పాపా?"

"చానా వస్తాయి నాయనా. ఒకదాని ఎనక ఒకటి."

ఆయన ముఖం విప్పారింది. నా సంబరం ఆయనకూ అంటుకుందని మురిసిపోయాను. ఎంత వేగంగా వస్తాయో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ ఏడు వేరుశనగ ఎండిపోయింది. చివర్లో పడ్డ ఒక్క వానకు చల్లిన ఉలవ మాత్రం చేతికొచ్చింది. తిండికీ అదే, మళ్లీ ఏటి విత్తనానికీ అదే. కళ్లం తొక్కించడానికి ఎద్దులు లేవు, మేత లేక ఎండాకాలంలోనే అమ్మేశాడు. ఎద్దులు లేనివాళ్లు మా వైపు కోసిన పంటను తారురోడ్డు మీద పరిచేస్తారు. బస్సులూ లారీలూ నిదానంగా తొక్కుకుంటూ పోతే కాయలు పగిలి గింజ రాలుతుంది. కాకపోతే ఆ రోజుల్లో బండ్లు తక్కువ, రోజుల తరబడి కాపలా కాయాలి.

తెల్లారి నేను వెళ్లేసరికి నాయనా అమ్మా పంటంతా రోడ్డు మీద పరిచేసి ఉన్నారు.

"ఏమన్నా, దొరలతో కళ్లం తొక్కిస్తాండావా?" అని ఎవరో ఎగతాళి చేశారు.

నాయన కూడా నవ్వాడు. "తొక్కనీలేప్పా. ఊరికే పోతాండే కార్లే కదా."

అంతలో పోలీసాయన పరిగెత్తుకొచ్చాడు. "ఏమప్పా, బుద్ధుండాదా నీకు? తీయ్, తీయ్!"

వాళ్లిద్దరూ చెరో మోపు ఎత్తారో లేదో దూరంగా మోత వినిపించింది. పోలీసాయన ఇద్దరినీ రెక్క పట్టి పక్కకు లాగాడు.

మొదటి కారు నా కంటికి ఆననే లేదు. దుమ్ము లేచింది, దాంతోపాటు మా పంట కూడా లేచింది. వెనకే ఇంకొకటి, ఇంకొకటి. రాలిన గింజ రాలినట్టే ఎగిరిపోయి కాలవలో, కంపల్లో పడింది. జనం ఈలలు వేస్తున్నారు. ఒక కారులోంచి ఒక దొర మాకేసి చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి విరిచేయాలన్నంత కోపం వచ్చింది నాకు. పాపం, ఆయనకేం తెలుసు?

మధ్యాహ్నానికి రోడ్డు ఖాళీ అయింది. అమ్మ చీపురుతో ఊడ్చి చాటకెత్తింది. అందులో గింజల కంటే కంకరే ఎక్కువ. ఆ తర్వాత గుగ్గిళ్లు వండినప్పుడల్లా పంటికింద రాయి తగిలేది. నాయన ఆ రాయి తీసి పక్కన పెట్టి మళ్లీ తినేవాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. విత్తనానికి మాత్రం ఏమీ మిగల్లేదు.

మరుసటి ఏడు వాన బాగా పడింది. విత్తనం లేక మా చేను బీడుగా ఉంది. రోడ్డు పక్క కాలవ పొడుగునా ఉలవ మొలిచి పచ్చగా పాకింది. ఎవరివో గొర్రెలు దాని మీద పడ్డాయి. తోలేద్దామని నేను కర్ర అందుకుంటే నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"మేయనీ పాపా. మన చేన్లో మొలిచిందా, మనదనేకి?"

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన కాలవ గట్టున కూర్చుని, ఆ పచ్చదనమంతా అయిపోయేదాకా చూస్తూనే ఉన్నాడు.