ముందు విరగాల్సిన పిన్ను

గోదావరిఖనిలో డిగ్రీ చదివే రోజుల్లో నాకు ఒంటిచక్రం సైకిల్ పిచ్చి పట్టింది. ఒకరోజు సీటు కింది గొట్టం వంగిపోయింది. కొత్తది దేనితో చేయించాలో తేలలేదు. అల్యూమినియం తేలికే కానీ ఖరీదు. ఇనుము చవకే కానీ మోయలేనంత బరువు.

గనిలో ఫిట్టరైన మా బాపు "నాకిడిసిపెట్టు బిడ్డా" అన్నాడు. పల్చటి స్టీలు గొట్టం తెచ్చి, దాన్ని ఫ్రేముకు బిగించే పిన్ను మాత్రం మెత్తటి ఇత్తడితో చేశాడు. ఎందుకని నేను అడగలేదు.

కాలనీ ఆటల పోటీల నాడు అందరూ చప్పట్లు కొడుతుండగా పిన్ను టక్కున విరిగింది. సీటు కుంగి, నేను బొగ్గుదుమ్ములో బోర్లా పడ్డాను. బాపు ఉరికొచ్చి, నాకంటే ముందుగా చక్రాన్ని తిప్పి చూశాడు.

"పిన్నే ఇరిగింది, బండికేం కాలే!" అన్నాడు సంబరంగా. "బొగ్గు మోసే బెల్టుకు గట్లనే పెడ్తం. బరువెక్కువైతే పిన్ను ఇరగాలె, మిషను బతకాలె."

"బెల్టు మీద మనిషి కూసోడు గద బాపూ!" అని రక్తం కారుతున్న మోకాలు చూపించాను.

ఆయన పిన్ను ముక్కనూ నా మోకాలినీ మార్చి మార్చి చూశాడు. "మరి ఏది ఇరగాలె బిడ్డా?" అన్నాడు.

ఇన్నేళ్లు మిషన్లు బాగుచేసిన మనిషి నన్ను అడిగిన మొదటి సందేహం అది. ఇద్దరం ఎండలో నిలబడి చాలాసేపు ఆలోచించాం. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాం.