జల్లెడ విడదీసిన రాయి

మా వదినకు గనిలో అందరం కలిసి పెట్టిన పేరు జిడ్డు. ఇరవై రెండేళ్లుగా ఆమె పని జిడ్డు బల్ల దగ్గరే. పైగా ఒక మాట పట్టుకుందంటే చచ్చినా వదలదు. పేరు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, దాచడమెందుకు.

ఆ బల్ల సంగతి చెప్పాలి. మా గని సొరంగం కాదు, మెట్లు మెట్లుగా తవ్వుకుంటూ దిగిన పెద్ద గొయ్యి. అక్కడ మందు పెట్టి పేల్చిన నీలిరంగు బండల్ని మా అన్నయ్య లారీలో పైకి తెస్తాడు. వాటిని నా మర నలగ్గొడుతుంది. నలిగిన రాయిని కడిగి, తేలికవి తీసేసి, మిగిలినదాన్ని నీళ్లతోపాటు ఏటవాలు బల్ల మీదికి వదులుతారు. బల్ల మీద మందంగా జిడ్డు పూసి ఉంటుంది. మామూలు రాళ్లు తడిసి జారిపోతాయి. వజ్రానికి నీరు అంటదు, జిడ్డు అంటుతుంది, అందుకని అది అక్కడే అతుక్కుపోతుంది. వదిన ఆ జిడ్డును గీకి, చిల్లుల గిన్నెలో వేసి, వేడి నీళ్లలో మరిగిస్తుంది. జిడ్డు కరిగి వజ్రాలు మిగులుతాయి. ఆ తర్వాత జల్లెడ పట్టి పెద్దవీ నడిమివీ చిన్నవీ మూడు డబ్బాల్లో పోస్తుంది. ఒకసారి మూత పడ్డాక డబ్బాలు మళ్లీ కలపకూడదు. అది గని నియమం.

వదిన మొదట్లో మా యూనిఫారాలు ఉతకడానికి వచ్చింది. ఒకరోజు బట్టలు ఇవ్వడానికి వచ్చి, బల్ల దగ్గర నిలబడి, ఈ రాళ్లు ఎక్కడివని అడిగిందట. నూట యాభై కిలోమీటర్లకు పైగా లోతున, వందల కోట్ల ఏళ్ల కిందట పుట్టాయనీ, అగ్నిపర్వతం ఎగదన్నితే నీలిరాయిలో ఇరుక్కుని పైకొచ్చాయనీ ఎవరో చెప్పారు. "అంత దూరం నుంచి వచ్చినవాటిని కాస్త మర్యాదగా చూడొద్దూ?" అందట. అందరూ నవ్వారు. ఆర్నెల్లు తిరక్కుండా బల్ల ఆమె చేతికొచ్చింది.

కిందటి నెల మేనేజరు నా మర దవడల మధ్య సందు తగ్గించమన్నాడు. బండ మెత్తగా నలిగితే చిన్న వజ్రాలు కూడా బయటపడతాయని ఆయన ఆలోచన. తగ్గించాను. రాళ్ల సంఖ్య అమాంతం పెరిగింది. నేను కాలరెగరేసుకుని తిరుగుతుంటే, ఒక మధ్యాహ్నం భోజనాల గదిలో వదిన నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నీ మర రాళ్లు పగలగొడుతోంది."

"దాని పనే అది కదా వదినా!"

"బండల్ని కాదు. వజ్రాల్ని."

"వజ్రం పగలడమేంటి, నీ మొహం!"

"గీత పడదు. దెబ్బ తగిలితే చీలుతుంది. ఇన్నేళ్లూ ఏం నేర్చుకున్నావు నువ్వు? మూడు వైపులా గరుకు పట్టిన గాజులా ఉండి, నాలుగో వైపు తళతళలాడుతుంటే ఏమిటర్థం? నిన్నో మొన్నో విరిగిందని."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కంచం వదిలేసి లేచాను. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఇంట్లో నాకేం కావాలన్నా అన్నయ్యతో చెప్పించాను. వదిన ఏమీ ఎరగనట్టే నా టీ కప్పు నా ముందు పెట్టి వెళ్లేది.

మూడో రోజు మేనేజరు గదికి నన్నూ పిలిపించింది.

"మూడు డబ్బాలూ ఒక్క కాగితం మీద పోయించండి సార్," అంది.

"నియమం మీకు తెలుసు కదమ్మా."

"జల్లెడకు సైజు తప్ప ఇంకేం తెలీదు సార్. ఒకే రాయి ముక్కలు మూడు డబ్బాల్లోకి పోతే ఎవరికి కనిపిస్తాయి? రాళ్లు పెరిగాయని మనం మురిసిపోతున్నాం."

మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కలిపితే వారం పని మళ్లీ మొదటికొస్తుంది. మీ మాట నిజమని తేలకపోతే రేపటి నుంచి బల్ల మీది కాదు."

"సరే సార్. తేలితే మర సందు పెంచాలి."

"పెంచుతాను."

వదిన ఓడిపోవాలనే కోరుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

తెల్లకాగితం పరిచి, దీపం దించి, డబ్బాలు ఒంపారు. వదిన పట్టకారుతో తళతళలాడే ముఖమున్నవి ఏరుతూ పోయింది. అరగంటలో పెద్ద డబ్బాలోది ఒకటీ నడిమి డబ్బాలోది ఒకటీ ఆనించి చూపింది. అతికినట్టే ఉన్నాయి, కానీ ఒక మూల ఖాళీ.

"ఇది చాలదమ్మా," అన్నాడు మేనేజరు. "కాకతాళీయం కావచ్చు. ఆ మూల ముక్క దొరకాలి."

ముక్క చిన్న డబ్బాలోదే అయ్యుండాలి. అవేమో వందలు. వదిన ఒక్కొక్కటే తిప్పి చూస్తోంది. గంట గడిచింది. మేనేజరు గడియారం చూసుకున్నాడు.

అప్పుడు కనిపించింది నాకు. కాగితం అంచున, సరిగ్గా నా వేళ్ల దగ్గర, మొన తేలిన చిన్న ముక్క. ఒక వైపు అద్దంలా ఉంది. నేను నోరెత్తకపోతే మర గొప్ప నాకే మిగులుతుంది. ఆ రెండు రోజుల టీ కప్పులు గుర్తొచ్చాయి.

"వదినా, ఇది చూడు," అన్నాను.

ఆమె నా వంక ఒక్క క్షణం చూసి, ముక్కను పట్టకారుతో అందుకుంది. బల్ల దగ్గర నుంచి చిటికెడు జిడ్డు తెచ్చి, మూడింటికీ రాసి నొక్కింది. ఎక్కడా సందు లేదు. చిక్కుడు గింజంత రాయి ఆమె అరచేతిలో నిలిచింది. అంత లోతున, అంత వేడిలో, అగ్నిపర్వతం ఎగదన్నినా చెక్కుచెదరనిది నా మరలో మూడు ముక్కలైంది. ఏడుపొచ్చినంత పనైంది నాకు.

మేనేజరు ఉత్తర్వు రాసి సంతకం పెట్టి, "సందు పెంచెయ్," అన్నాడు నాతో.

మర ఆపి, పానా పట్టుకుని కిందికి దూరాను. వదిన జిడ్డు చేతులు తుడుచుకుంటూ వచ్చి పైన నిలబడింది.

"ఎంత పెట్టమంటావు?" అన్నాను.

బొటనవేలూ చూపుడువేలూ చాచి ఆ రాయంత ఎడం చూపించింది. మళ్లీ ఏదో ఆలోచించి, వేళ్లు ఇంకాస్త దూరం జరిపింది.

"ఇంత. దానికంటే పెద్దది వస్తోందేమో, దారి ఉండాలి."