ఆయన గ్లాసులో కాఫీ

నేను బీఫార్మసీ చదివిన మనిషిని. మాత్రలు మిగిలితే ఎందుకు మిగిలాయని, మిగలకపోతే ఎక్కడికి పోయాయని అడగడం నా పని. అమలాపురంలో ఒక మానసిక వైద్యుడి ఆస్పత్రిలో మందుల కౌంటరు నాది. ఈమధ్య డాక్టరు గారు నన్ను రోగుల ఇళ్లకి కూడా పంపుతున్నారు. "మీ నోటికి భయపడైనా మింగుతారండీ" అంటారు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో నేనింకా తేల్చుకోలేదు.

ఉప్పలగుప్తం దాటాక ఒక ఇల్లుంది. ఆ ఇంటాయన కువైట్‌లో పనిచేస్తూ, పక్కన ఎవరూ లేకపోయినా మాటలు వినబడడం మొదలయ్యాక తిరిగొచ్చేసేరు. మందుతో కుదుటపడి రొయ్యల చెరువు దగ్గర మేత వేసే పనిలో చేరేరు. ఇప్పుడు మళ్లీ మాటలు వినబడుతున్నాయట. "మాత్ర రోజూ వేసుకుంటున్నా ఇలా ఉందంటే మోతాదు పెంచాలి. పెంచితే మత్తుకి ఆ పని చెయ్యలేడు. ముందు చూసి రండి" అన్నారు డాక్టరు గారు.

పొద్దున్నే వెళ్లేను. ఆయన భార్య ఖాళీ అట్టలన్నీ పేర్చి చూపించింది. ఒక్క మాత్ర తేడా లేదు. ఆయన ముందు కాఫీ గ్లాసు పెట్టి, నాకు తేవడానికి లోపలికెళ్లింది. ఈలోగా ఆయన తన గ్లాసు నా చేతిలో పెట్టేసేరు.

"వచ్చినవాళ్లని కూర్చోబెట్టి నేను ముందు తాగడమేంటండీ! ఎంగిలి చెయ్యలేదు లెండి."

ఈ మర్యాదతో వాదించి నెగ్గడం నావల్ల కూడా కాలేదు. తాగేను. ఆవిడ తెచ్చిన రెండో గ్లాసు ఆయన అందుకున్నారు. తిరుగు ఆటోలో నేను నిద్రపోయేను. పగలు రెప్ప వాల్చని దాన్ని, డ్రైవరు పిలిస్తే గానీ లేవలేదు.

ఎండ దెబ్బా? వయసా? రెండోది ఒప్పుకోవడం ఇష్టం లేక, వారం తిరక్కుండా అదే వేళకి మళ్లీ వెళ్లేను. ఆయన గ్లాసు ముందుకు జరుపుతుంటే అందుకుని, కాఫీ గుమ్మం పక్కన వంపేసి చూసేను. అడుగున తెల్లటి పొడి. తిన్నగా వంటింట్లోకి నడిచేను.

"రోజూ కలుపుతున్నావా?"

"ఆయ్. మాత్ర కనబడితే నాకేం జబ్బని విసిరేస్తారండీ."

"పొద్దున్నపూట మీ ఇంటికి ఎవరెవరొస్తారు?"

"పాలాయన, పక్కింటి మామ్మగారు, ఒక్కోరోజు పాస్టరమ్మగారు... ఆవిడ మొన్న ప్రార్థనలోనే కునికేరండీ..." అంటూనే ఆగిపోయింది.

"ఆయనకి చెప్పెయ్యి."

"చెబితే ఇంక నా చేతి అన్నం తినరండీ."

"చెప్పకపోతే ఆయన మందు ఊరు తాగుతుంది. ఆయనకి మోతాదు పెరుగుతుంది."

చాలాసేపు వాదించేను. చివరికి తనే వెళ్లి చెప్పింది. ఆయన అరుస్తారనుకున్నాను. గ్లాసు పక్కకి జరిపి నన్నడిగేరు: "అసలా మాత్ర ఏం చేస్తుందండీ?"

ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదట. కౌంటరులో కూర్చున్న నేనూ చెప్పలేదు. తెలిసినంతవరకూ చెప్పేను. ఎన్నాళ్లు వేసుకోవాలి, చెయ్యెందుకు వణుకుతుంది, మాటలు పూర్తిగా పోతాయా అని ఒక్కొక్కటే అడిగేరు. కొన్నింటికి తెలీదన్నాను. "పొద్దున్న వేసుకుంటే చెరువు గట్టు మీద తూలుతానండీ. రాత్రికి మార్చరా?" అన్నారు. అడిగితే డాక్టరు గారు మార్చేరు. మోతాదు పెంచలేదు.

ఇప్పుడు మాత్ర తనే వేసుకుంటున్నారు. మాటలు తగ్గేయి. పనిలోనే ఉన్నారు. కాకపోతే కాఫీ తనే కాచుకుంటారు, అన్నం గిన్నెలోంచి తనే పెట్టుకుంటారు.

"మీరే నెగ్గేరు కదండీ" అంది ఆవిడ ఒకరోజు వీధి గుమ్మంలో. చెప్పులేసుకుని ఆటో వైపు నడిచేసేను. నెగ్గి ఇలా తప్పించుకోవడం నాకలవాటు లేదు.

పోయిన నెల వెళ్లేసరికి భోజనాల వేళయింది. అన్నం ఆయనే పెట్టుకున్నారు. కూర మాత్రం ఆవిణ్ణి వెయ్యనిచ్చేరు.