ఉప్పునీళ్లూ... అమ్మ అనుమానమూ

మా చిన్నప్పుడు... పెరట్లో నీళ్ల గోళెం పక్కన నిలబడి, తల పైకెత్తి, గోరువెచ్చటి ఉప్పునీళ్లు గొంతులో గుడగుడలాడిస్తుంటే, వంటింట్లోంచి అమ్మ ఆ చప్పుడు వింటూ ఉండేది. తొందరగా ఆగిపోయిందా... "నోట్లో తిప్పి ఊసేశావు కదూ?" అనేది.

అన్నం తిన్నాక బుగ్గలు పొంగించి ఉమ్మేదీ పుక్కిలించడమే, గొంతు నొప్పికి ఇలా చేసేదీ పుక్కిలించడమే. మొదటిది చేసి రెండోది చేశానంటానేమోనని అమ్మకి అనుమానం.

అసలు నా గొంతు అస్తమానూ రాసుకుపోయేది చదివి చదివే...

మాది పెదపాడు దగ్గర చిన్న ఊరు. నాన్న చేపల చెరువులో మేత వేసేవాడు. అమ్మది రొయ్యలు వలిచే షెడ్డులో పని. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే. మనసులో చదువుకోవడం అనేది ఒకటుంటుందంటే అమ్మ నమ్మేది కాదు. పుస్తకం ముందేసుకుని ఊరికే కూర్చున్నా తనకెలా తెలుస్తుంది? అందుకే అన్నీ పైకి చదవాలి... ఆఖరికి లెక్కలు కూడా.

పదో తరగతి పరీక్షల ముందు గొంతు పూర్తిగా పోయింది. డాక్టరుగారు, "మాట్లాడొద్దు, ఉప్పునీళ్లతో గార్గిల్ చెయ్యి" అన్నారు. మాట్లాడొద్దన్న మాట నేనే ఆయనచేత చెప్పించానేమోనని కూడా అమ్మకి అనుమానమే.

"ఏవండీ, ఇది చదవట్లేదండీ. పేజీలు తిప్పుతోందంతే. రేపట్నించి నాతో షెడ్డుకి తీసుకుపోతాను" అంది నాన్నతో. కాదని చెప్పడానికి నాకు గొంతు లేదు.

ఆ సాయంత్రం అమ్మ చేటలో బియ్యం పోసుకుని నా ఎదురుగా కూర్చుంది. రాళ్లు ఏరుతున్నట్టే ఉంది గానీ, చూపంతా నా కళ్ల మీదే. నేను తెలుగు పుస్తకం తీశాను. ఒక పిసినారి పెళ్లి భోజనానికి వెళ్లిన కథ. ఒకచోట నవ్వు ఆగలేదు... చప్పుడు రాదు, భుజాలు ఊగిపోతున్నాయి, గొంతు మంటకి కళ్లలో నీళ్లు.

ఊపిరాడట్లేదనుకుని అమ్మ గాభరాగా లేచి నా వీపు రాసింది. నేను పేజీ మీద వేలు పెట్టాను.

"నవ్వొచ్చేది అందులో ఉందా?"

తలూపాను. వేలు పెట్టిన చోటుకేసి చాలాసేపు చూసింది... "గొంతొచ్చాక నాకూ చదివి పెట్టు" అంది. షెడ్డు మాట మళ్లీ ఎత్తలేదు.

గొంతొచ్చాక చదివాను. అమ్మ నవ్వలేదు. "దీనికా అంత నవ్వావు?" అని అనుమానంగా చూసింది.

ఇప్పుడు ఏలూరులో ఉద్యోగం. గొంతు పట్టేస్తే ఒక బిళ్ల చప్పరించి ఊరుకుంటాను. హాస్టలు గదిలో అమ్మాయిలందరం ఫోన్లు చూసుకుంటూ ఎవరికి వాళ్లం నవ్వుకుంటాం... అందులో ఏముందని ఎవరూ అడగరు.

మీ ఇంట్లో పిల్లలు సరిగ్గా పుక్కిలించారో లేదో ఎవరు కనిపెట్టేవారండీ? చెప్పండి... చదువుతాను, మనసులోనే.