ముందు వరుసకి వినపడదు

మా నాన్న గొంతు తగ్గిందన్న సంగతి మాకంటే ముందు పక్క క్వార్టరు వాళ్లకి తెలిసింది. ఉద్యోగమంతా స్టీలు ప్లాంటు రోలింగు మిల్లు చప్పుడుని మించి అరిచిన మనిషి. రిటైరయ్యాక కూడా ఆయన మంచినీళ్లు అడిగితే వీధి చివరింటి వాళ్లు గ్లాసు వెతుక్కునేవారు. అలాంటి ఇంట్లోంచి సడి లేకపోయేసరికి పక్కింటి దీదీ గేటు దగ్గరకొచ్చి, "అంకుల్ ఊరెళ్లారా?" అంది. నాన్న లోపల టీవీ చూస్తున్నాడు.

వానల్లో పట్టుకున్న బొంగురు దసరా వచ్చినా వదల్లేదు. గొంతులోకి కెమెరా దించి చూడాలన్నాడు డాక్టరు. అందాకా మాట్లాడొద్దన్నాడు. నాన్న అన్నిటికీ బుద్ధిగా తలూపి, పరీక్షని మాత్రం సోమవారానికి జరిపించుకున్నాడు. ఎందుకంటే ఆదివారం సాయంత్రం మా టౌన్‌షిప్పు రిసాలి మైదానంలో మా తెలుగువాళ్ల పౌరాణిక నాటకం. రాజు ఆయనే. రాజుకి చివర్న ఒక పద్యం ఉంటుంది, ఏడాదంతా ఆయన స్నానాల గదిలో పాడేది అదే.

"కెమెరా ఎట్టాక ఏటంటారో, మళ్లీ పాడనిస్తారో లేదో. ఈ ఒక్కటీ పాడనీయే," అన్నాడు అమ్మతో, గుసగుసగా. మా నాన్న గుసగుసలాడగా వినడం నాకదే మొదలు. ఆయనకీ కొత్తే అనుకుంటా, సరిగ్గా కుదరలేదు.

అమ్మ వంటతో వైద్యం మొదలెట్టింది. మొదట వంకాయ వేపుడు, మిరియాల చారు. నాన్న చారు తాగి వేపుడు కంచం అంచుకి నెట్టాడు. మర్నాడు వేపుడు లేదు, మెత్తగా మెదిపిన పప్పు వచ్చింది. ఆ తర్వాత అన్నాన్నే మెదిపింది. ఇంకో రోజు గడిచేసరికి చోడిపిండి జావ, అంటే రాగి జావే, అదీ ముగ్గురికీ.

"నా పళ్లకేటైందమ్మా?" అన్నాను.

"సలవ సేస్తాది. నోర్మూసుకుని తాగు."

నోరు మూసుకుని ఎలా తాగాలో చెప్పలేదు. నాన్న ఒక్కో గుక్క మింగేటప్పుడు కళ్లు మూసుకుంటున్నాడు. అప్పుడు నేనూ అమ్మా మా గ్లాసుల్లోకి చూసుకుంటున్నాం, జావలో ఏదో రాసున్నట్టు. దూరంగా ప్లాంటు హోరు వినిపించింది. అదేం కొత్తది కాదు, నేను పుట్టకముందు నుంచీ ఉంది. నాన్న మాటల కింద ఇన్నాళ్లూ వినపడలేదంతే.

సాయంత్రాలు ఇంట్లో ఉంటే ఎవరో ఒకరితో మాట్లాడేస్తాడని అమ్మ రోజూ మైదానంలో దసరా ప్రదర్శనలకి లాక్కెళ్లేది. వినేవాడికి నోటితో పనేంటని ఆవిడ ధైర్యం. బుర్రకథ రోజున "తందాన" దగ్గర నాన్న వంత పాడబోయాడు. అమ్మ అరచేత్తో ఆయన నోరు మూసింది. వెనకవాళ్లు దాన్ని సరసం అనుకుని ముచ్చటపడ్డారు.

ఇక్కడివాళ్ల వీధినాటకం, ఛత్తీస్‌గఢీ నాచా, ఆడిన రోజున జోకరు రాజుగారి శవం పక్కన చతికిలబడి, దాన్నే అగ్గిపెట్టె అడిగాడు. మైదానమంతా పడీపడీ నవ్వింది. నాన్నా నవ్వాడు. నవ్వుకి బదులు సన్నటి ఈల వచ్చింది. అమ్మ నవ్వడం ఆపేసింది. నేను మాత్రం అవసరం లేనంత గట్టిగా నవ్వాను. ఆ ఈలని ఎవరో ఒకరు కప్పాలి కదా.

శనివారం వేషం బట్టలు తీశారు. ఏటా అమ్మ వాటి కుట్లు విప్పి వదులు చేసేది. ఈసారి పిన్నీసులు అడిగింది. పెట్టాక మళ్లీ అడిగింది.

"ఏటి నాన్నా, రాజ్యంలో కరువా?" అన్నాను.

అమ్మ నన్ను తిట్టలేదు. నాకు భయమేసింది అప్పుడే.

మా నాటకాలకో పద్ధతి ఉంది. పద్యం బాగుంటే జనం "వన్స్ మోర్" అంటారు, అన్నాక మళ్లీ పాడి తీరాలి. నాన్న పద్యానికి అది అనేది ముందు వరుస. అక్కడ కూర్చునేవాళ్లంతా ఆయన మిల్లు దోస్తులే. మిల్లు వాళ్లందరి చెవులూ తినేసింది. కొందరికి వినికిడి మిషన్లున్నాయి గానీ జేబులోనే ఉంటాయి. రాగం ఎంత బాగుందో నాన్న ఎత్తిన చెయ్యి, మెడ మీద తేలిన నరాలు చూసి తేలుస్తారు.

తెర లేవకముందే ఆ వరుసలో పెద్దాయన చెవి దగ్గరికెళ్లి అరిచాను. "మావయ్యా, ఈసారి వన్స్ మోర్ అనకండి. నాన్నకి గొంతు బాలేదు. ఒక్కసారికే వస్తాది."

ఆయన బాగానే విన్నాడు. స్టేజీ వైపు చెయ్యి చూపించాడు.

"అనకపోతే ఆడేటనుకుంటాడే? పద్యం పాడైపోనాదనుకోడూ?"

నేను వెనక్కెళ్లి అమ్మ పక్కన కూర్చున్నాను, ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

నాటకం చివర్న నాన్న పద్యం ఎత్తుకున్నాడు. గొంతు వచ్చింది! గరగరమంటూ, అక్కడక్కడా చిరిగిపోతూ, చివరిదాకా వచ్చింది. అమ్మ నా మణికట్టు వదిలి గాలి పీల్చుకుంది. ఆ గాలి ఇంకా వదలకుండానే ముందు వరుస మొత్తం లేచి నిలబడింది.

"వన్స్ మోర్!"

నాన్న వాళ్లని చూశాడు. ఆ ముఖంలో ఎంత సంతోషమో. హార్మోనియం ఆయనకి తలూపి, మళ్లీ చెయ్యెత్తాడు.

నోరు తెరుచుకుంది. ఏమీ రాలేదు.

హార్మోనియం ఆగలేదు. నాన్నా ఆగలేదు. పెదాలు ప్రతి మాటా పలికాయి, చెయ్యి ఎక్కడ లేవాలో అక్కడ లేచింది, మెడ నరాలు తేలాయి. చెవులున్న జనం వెనక వరుసల నుంచి ఒక్కొక్కరే నిశ్శబ్దమైపోయారు. ముందు వరుస మాత్రం ఏటా ఊగినట్టే ఊగింది. రాగం తీసే చోట "ఆహా" అంది. అయ్యాక చప్పట్లు కొట్టింది.

నడిచి ఇంటికొచ్చాం. పొద్దున్న పరీక్షకి ఖాళీ కడుపుతో రమ్మన్నారని అమ్మ జావ గిన్నె కడిగి బోర్లించేసింది. నాన్న ముఖానికి రంగుతోనే కుర్చీలో కూర్చుని, నా వైపు రెండు వేళ్లు చూపించాడు. రెండోసారి ఎలా ఉందని.

"రెండోసారే బాగుంది నాన్నా. ఎక్కడా శ్రుతి తప్పలేదు."

భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. ఈసారి ఈల కూడా వినపడలేదు.