తిరగబడ్డ పళ్లెం

బాబాయి గులాబీ తోటలో పద్దెనిమిదేళ్లుగా ఆమెది ఒకటే పని. అందుకే అందరికీ ‘ఆకులక్క’ అయిపోయింది. ప్రతి నారుమొక్కకీ నంబరున్న ప్లాస్టిక్ చీటీ కట్టి, దాన్నుంచి చిన్న ఆకుముక్క కత్తిరించి, తొంభై ఆరు గుంటల పళ్లెంలో వరసగా వేసి ల్యాబుకి పంపుతుంది. నల్లమచ్చ తెగులును తట్టుకునే జన్యువు గుర్తు ఏ మొక్కలో ఉందో వాళ్లు రాసి పంపుతారు. అది లేని మొక్కల్ని ఆమె పీకేస్తుంది.

ఈ ఉదయం పీకడం పూర్తయ్యాక, మంచిదని ఉంచిన మొక్క మీదే నల్లమచ్చ కనిపించింది. ఆమెకి పళ్లెం నింపిన తీరు గుర్తొచ్చింది. ఏది మొదలో తెలిసేందుకు పళ్లేనికి ఒక మూల కోసి ఉంటుంది; అది ఎడమవైపు ఉండాలి. మొన్న తొందరలో పళ్లేన్ని తిప్పేసి, ఆ మూల కుడివైపు పెట్టి నింపింది. ల్యాబువాళ్లకి మొదటి మొక్క చివరిదైపోయింది. పీకేసినవాటిలోనే మేలైనవి ఉన్నాయి.

వెళ్లి బాబాయికి చెప్పింది. బాబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు.

“పీకినవి కాల్చేశావా?”

“లేదు బాబాయ్, కుప్పలోనే ఉన్నాయి.”

“హమ్మయ్య, బతికించావే తల్లీ! నంబర్లు చూసి మళ్లీ నాటేద్దాం, పద.”

ఆమె కదల్లేదు. కుప్ప పక్కన బకెట్లో, మళ్లీ వాడుకోవచ్చని ఎప్పటిలాగే మొక్కల నుంచి విప్పి శుభ్రంగా కడిగిన నంబరు చీటీలు తేలుతున్నాయి.